సబ్‌జైల్లో చదువు చెప్పడానికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది?

వంశధార_ఒడ్డు (పర్లాకిమిడి వైపు)
రిటైరైన మాస్టారిని. పోయినేడాది ఇక్కడ ఒడిశాలో ఒక సబ్‌జైలుకి వారానికి మూడు మధ్యాహ్నాలు వెళ్లి అక్షరాలు దిద్దించాను. ఎవరూ పిలవలేదు, నేనే వెళ్లి అడిగాను. పలకలు, బలపాలు, ఆటోఛార్జీలు అన్నీ నా పెన్షన్‌లోంచే. పుస్తకాలడిగితే "ఫండ్ లేదు మాస్టారూ, చదువు సంగతి విద్యాశాఖది" అన్నారు. విద్యాశాఖలో అడిగితే "జైలు హోంశాఖది కదండీ" అన్నారు. మీ దగ్గర ఎలా ఉంది? డబ్బు అసలు ఉందా, లేదా?

రాయగడ_టీగ్లాసు
ఉందండీ, కానీ చెప్పేవాడికి లేదు. ఇప్పుడు నడుస్తున్నది ఉల్లాస్, చదువురాని పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే కేంద్ర పథకం. 2022 నుంచి 2027 వరకు మొత్తం 1037.90 కోట్లు. అందులో కేంద్రం వాటా 700 కోట్లు, మిగతాది రాష్ట్రాలది. లక్ష్యం 5 కోట్ల మంది. భాగించి చూడండి, ఐదేళ్లకి తలకి 207 రూపాయలు! మా ఊళ్లో ఆ డబ్బుకి కిలో మటన్ కూడా రాదు. చెప్పేవాళ్లు వాలంటీర్లు, జీతం లేదు. దీనికి ముందు నడిచి 2018లో ఆగిపోయిన సాక్షర భారత్ పథకంలో ప్రేరకులకి, అంటే ఊళ్లో చదువు నడిపించేవాళ్లకి, నెలకి 2000 అయినా ఇచ్చేవారు. అది చాలక వాళ్లు ధర్నాలు చేసేవారు, అది వేరే కథ.

గుణుపురం_అల్లుడు
ఏమనుకోకండి మాస్టారూ. ఇక్కడ మన పిల్లల తెలుగు బళ్లకే టీచర్లు లేరు. ముందు దొంగలకి ఖర్చు పెట్టాలా?

జయపురం_పాతబస్టాండ్
అల్లుడు గారూ, సబ్‌జైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి శిక్షే పడలేదు. 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద ఖైదీల్లో 75.8 శాతం విచారణలో ఉన్నవాళ్లే. మా చిన్నాన్న కొడుకు ఒకడు. లారీ మీద క్లీనర్‌గా వెళ్లి గంజాయి కేసులో ఇరుక్కున్నాడు. వకాలత్‌నామా (వకీలుకి కేసు అప్పగించే కాగితం) మీద వేలిముద్ర వేశాడు, అందులో ఏం రాశారో వాడికి తెలీదు. లోపలే ఉన్న, ఇంటర్ దాకా చదివిన ఒకాయన దగ్గర నేర్చుకున్నాడట. ములాఖత్‌కి వెళ్తే జాలీ అవతల అరచేతిలో వేలితో వాడి పేరు రాసి చూపించాడు. చివరి అక్షరం తిరగేసి రాశాడు. నేను తప్పని చెప్పలేదు.
ఆ నేర్పినాయనకి ఒక్క రూపాయి రాలేదు. ఆయనకి బెయిలొచ్చాక క్లాసే లేదు.

వంశధార_ఒడ్డు
అదే నా బాధ కూడా. మనుషులు నిలవరు. ఒత్తులు మొదలుపెట్టిన రోజున పద్నాలుగు మంది ఉంటే, సంక్రాంతి దాటేసరికి ఐదుగురు మిగిలారు. బెయిల్ వచ్చి వెళ్తే సంతోషమే, కానీ ఆ మనిషి ఊళ్లో ఎవరు కొనసాగిస్తారు? ఇంకోటి భాష. సగం మంది సవర గిరిజనులు, కొందరు తెలుగువాళ్లు, పుస్తకం దొరికితే ఒడియాది. ఒకాయన ఒడియా అక్షరాలు చూసి "మన తలకట్టు పెరిగి గొడుగైంది" అన్నాడు. క్లాసంతా నవ్వింది, ఆ తర్వాత తొందరగానే పట్టేశారు.

రాయగడ_టీగ్లాసు
మీవాళ్లు ఉల్లాస్ పరీక్ష రాశారా? 150 మార్కులు, చదవడం, రాయడం, లెక్కలు. జైళ్లలోనూ పెడుతున్నారు. అది పాసైనవాళ్లకి పైచదువు దారి ఉంది, ఖైదీలకి ఇగ్నోలో (దూరవిద్య విశ్వవిద్యాలయంలో) ఫీజు ఉండదు. అంటే డిగ్రీకి ఖర్చు పెడతారు, అఆలు నేర్పే మనిషికి మాత్రం పెట్టరు. నాకిది తిరకాసుగా ఉంది.

దమన్‌జోడి_షిఫ్ట్‌బి
ఖనిజనిధి అడిగారా? బాక్సైట్ తవ్వే జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంటుంది, విద్య అందులో ముఖ్య రంగం. కలెక్టర్ దగ్గర పెట్టొచ్చు.

జయపురం_పాతబస్టాండ్
అడిగితే "గనుల ప్రభావిత ప్రాంతాలకే" అంటారు తమ్ముడూ. మీ దగ్గర కొండ కింది ఊళ్లవాళ్లు లోపల ఉంటే ఆ మాటే రాసి అడగండి. ముందు సమాచార హక్కు అర్జీ పెట్టడం మేలు. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, ఫీజు 10 రూపాయలు. రెండే ప్రశ్నలు వేయండి: ఈ జైల్లో ఉల్లాస్‌లో ఎంతమంది పేర్లు నమోదయ్యాయి, వాళ్ల కోసం ఎంత ఖర్చయింది. జైలుకి ఒకటి, జిల్లా విద్యాధికారికి ఒకటి. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే ఒకరి మీద ఒకరు చెప్పుకోడానికి ఉండదు.

గుణుపురం_అల్లుడు
సరే, దొంగలు అన్నమాట వెనక్కి తీసుకున్నా. తెలుగు బళ్ల సంగతి మాత్రం తీసుకోను. మాస్టారూ, మా షాపులో పాత పలకలు ఇరవై దాకా ఉన్నాయి, పంపమంటారా?

వంశధార_ఒడ్డు
పంపండి బాబూ. రాతిపలకలైతే వద్దు, చెక్క ఫ్రేమూ మూలల్లో రేకూ ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు. అట్టపలకలైతే రానిస్తారు. సుద్దముక్కలు కూడా.