స్టాక్‌హోమ్ క్రిస్మస్ మార్కెట్లు చూడాలంటే డిసెంబర్ 22కి దిగితే చాలా?

బ్రాడీపేట టీచర్, గుంటూరు:

అందరికీ నమస్తే. నేను ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తాను. మా తమ్ముడు స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ 2026 క్రిస్మస్‌కి అమ్మని తీసుకుని రమ్మని ఒకటే గొడవ. అమ్మకి 68 ఏళ్ళు. మోకాళ్ళు సతాయిస్తాయి గానీ మనిషి మాత్రం ఆగే రకం కాదు. పుట్టుకతో లూథరన్, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. 1842లో ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెడితే మధ్యలో ఆపడం ఎవరి వల్లా కాదు. స్వీడన్ వాళ్ళు కూడా లూథరన్లేనని తమ్ముడు ఫోన్లో అన్నాడు, అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో స్వెట్టర్ల లెక్క నడుస్తోంది.

నా ప్లాన్ ఇది. 22 రాత్రికి దిగడం, 23, 24, 25 తేదీల్లో మార్కెట్లు చూడటం, తర్వాత ఊరు చూసుకుని జనవరి 2న బయల్దేరడం. మన దగ్గర 24 సాయంత్రం నుంచే కదా అసలు సందడి. బేకరీల ముందు కేకుల కోసం క్యూలు, అర్ధరాత్రి ఆరాధన, తెల్లారేదాకా ఫోన్లు. అక్కడా ఆ మూడు రోజులే ముఖ్యం అనుకుంటున్నా. తమ్ముణ్ణి అడిగితే "నువ్వు రా అక్కా, అన్నీ నేను చూసుకుంటా" అంటాడు. వాడు ఏదీ చూసుకోడని తెలుసు కాబట్టే ఇక్కడ అడుగుతున్నా.

ఏ మార్కెట్ బాగుంటుంది? అమ్మ నడవగలదా? ఆవిడకి వైన్ వాసన కూడా పడదు, మరి అక్కడ తాగడానికి, తినడానికి ఏముంటాయి? డబ్బులు ఎలా తీసుకెళ్ళాలి? ఇంకోటి, అమ్మ పచ్చళ్ళ లిస్టు రాసి పెట్టింది. అందులో చికెన్ పచ్చడి కూడా ఉంది. టికెట్లు ఇంకా తీయలేదు.

కిస్తా రిటర్న్, విజయవాడ:

టికెట్లు తీయలేదన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో నా బీపీ దిగింది. 22న వెళ్ళకండి మేడమ్.

నేను స్టాక్‌హోమ్ శివార్లలోని కిస్తాలో కొన్నేళ్ళు పనిచేసి ఇప్పుడు పటమటలో ఉంటున్నా. పండగ విషయంలో వాళ్ళ లెక్క మనకి తలకిందులు. సందడంతా క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు అడ్వెంట్ వారాల్లోనే. అడ్వెంట్ అంటే ఏంటో మీ అమ్మగారికి నేను చెప్పక్కర్లేదు. ఈసారి మొదటి అడ్వెంట్ ఆదివారం నవంబర్ 29, నాలుగోది డిసెంబర్ 20. గమ్లా స్టాన్‌లో, అంటే స్టాక్‌హోమ్ పాత ఊళ్ళో, మార్కెట్ మామూలుగా 23తో సర్దేస్తారు. స్కాన్సెన్ అనే మ్యూజియంలో మార్కెట్ అడ్వెంట్ వారాంతాల్లోనే పెడతారు, మీరు దిగేసరికి అది అయిపోయి ఉంటుంది. 24 వాళ్ళకి అసలు పండగే, కాకపోతే ఇంట్లో కూర్చుని చేసుకుంటారు. మధ్యాహ్నానికల్లా షాపులు మూత. 3 గంటలకి ఊరు ఊరంతా టీవీ ముందు కూర్చుని డొనాల్డ్ డక్ కార్టూన్లు చూస్తుంది, 1960 నుంచీ ఇదే ఆనవాయితీ. ఎగతాళి చేయట్లేదు, మా మేనేజర్‌కి మనవలున్నారు, ఆ టైముకి ఆయన ఎవరి ఫోనూ ఎత్తేవాడు కాదు. 25న రోడ్డు మీద మనిషి కనపడటం కష్టం. మీరు ముగ్గురూ మీ తమ్ముడి ఫ్లాట్‌లో పులిహోర తింటూ కిటికీలోంచి చీకటి చూసుకోవాలి. ఆ చీకటి సంగతి కూడా వినండి. డిసెంబర్ మధ్యలో అక్కడ సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నర దాటాక వస్తాడు, మధ్యాహ్నం 3 కొట్టకముందే పోతాడు.

అందుకని 10, 11 ప్రాంతంలో దిగేలా చూసుకోండి. 13న లూసియా పండగ. ఈ ఏడాది అది ఆదివారం పడింది, మూడో అడ్వెంట్ కూడా ఆ రోజే. తెల్ల గౌను వేసుకుని, నడుముకి ఎర్ర పట్టీ కట్టుకుని, తల మీద కొవ్వొత్తుల కిరీటంతో ఒక అమ్మాయి ముందు నడుస్తుంది, వెనక మిగతావాళ్ళు పాడుతూ వస్తారు. చర్చిల్లో, స్కూళ్ళలో, ఆఖరికి ఆఫీసుల్లో కూడా చేస్తారు. పెద్ద చర్చిల్లో కచేరీలకి టికెట్లు ముందే అయిపోతాయి. మీ తమ్ముడికి అప్పగించాల్సిన మొదటి పని అదే.

ఇక మార్కెట్లు. ఫోటోల్లో కనపడే ఎర్ర కొట్లు స్టూర్‌టోర్యెట్ అనే చౌక్‌లోవి. గమ్లా స్టాన్ నడిబొడ్డున ఉంటుంది, చుట్టూ పాతకాలపు రంగుల ఇళ్ళు, ఒక పక్క నోబెల్ బహుమతుల మ్యూజియం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ చిన్నది. పండగ ముందు బీసెంట్ రోడ్డులా ఉంటుందనుకుని వెళితే అరగంటలో తిరిగేసి "ఇంతేనా?" అంటారు. ఉన్ని చేతి తొడుగులు, గడ్డితో కట్టిన మేక బొమ్మలు, ఎర్ర చెక్క గుర్రాలు, రెయిన్‌డీర్ సాసేజ్, పంచదార పాకంలో వేయించిన బాదం, ఇవీ దొరికేవి. పనిరోజు మధ్యాహ్నం వెళ్ళండి, శనివారం మాత్రం వద్దు. అక్కడ్నుంచి నాలుగు అడుగులేస్తే స్టూర్‌షిర్కాన్ కెథడ్రల్. సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని చంపుతున్న పెద్ద చెక్క శిల్పం ఉంది, 1489 నాటిది. అమ్మగారు బయటికి రమ్మన్నా రారు.

మీరు రోజంతా పెట్టాల్సింది మాత్రం స్కాన్సెన్‌కి. ఆర్తుర్ హజేలియస్ అనే ఆయన 1891లో తెరిచిన ఆరుబయట మ్యూజియం అది. స్వీడన్ నలుమూలల నుంచి పాత ఇళ్ళు, కొట్టాలు, ఒక చెక్క చర్చితో సహా విప్పి తెచ్చి ఆ కొండ మీద మళ్ళీ నిలబెట్టారు. అక్కడి క్రిస్మస్ మార్కెట్ 1903లో మొదలైంది. కొట్లు బాగానే ఉంటాయి, కానీ నేను వెళ్ళమనేది ఇళ్ళ కోసం. లోపల పొయ్యి మండుతుంటుంది, ఆ కాలపు బట్టలు కట్టుకున్నవాళ్ళు కూర్చుని ఏదో పని చేసుకుంటుంటారు, బల్ల మీద ఆ ఇంటివాళ్ళ క్రిస్మస్ భోజనం సర్ది ఉంటుంది. పేద రైతు బల్ల మీద ఏముంది, భూస్వామి బల్ల మీద ఏముంది అన్నది కళ్ళతో చూస్తారు. అడిగితే ఓపిగ్గా ఇంగ్లీషులో చెప్తారు కూడా. మీరు టీచరు కదా, నా మాట గుర్తొస్తుంది.

స్కాన్సెన్‌లోకి టికెట్ ఉంది, మార్కెట్ ఒక్కటే చూస్తామన్నా తీయాల్సిందే. ఊరి మధ్య నుంచి 7 నంబర్ ట్రామ్ గేటు దగ్గరే దింపుతుంది. 65 దాటినవాళ్ళకి ట్రామ్, మెట్రోల్లో టికెట్ తక్కువ, అమ్మగారికి అది అడగండి. కొండ కాబట్టి మోకాళ్ళకి కొంచెం పనే, కాకపోతే మెయిన్ గేటు దగ్గర పైకి ఎస్కలేటర్ ఉంది. ఆ పైన మెల్లగా, ఒక్కో ఇంట్లో కూర్చుని వెచ్చబడుతూ తిరగొచ్చు. తేదీలు, టైములు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకునే వెళ్ళండి.

డబ్బుకి కార్డు చాలు. నోట్లు మార్చుకుని వెళితే చాలా కొట్లలో వద్దనేస్తారు. పబ్లిక్ టాయిలెట్‌కి కూడా కార్డే గీకాలి. మనవాళ్ళకి ఇది మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత అవసరం వచ్చినప్పుడు నవ్వు రాదు.

బెజవాడ టు మాల్మో:

కిస్తా గారు స్టాక్‌హోమ్ పార్టీ, నేను అవతలి పార్టీ. సెలవు దొరక్క 22కే రావాల్సి వచ్చిందనుకోండి, దిగులు పడకుండా పక్క దేశం డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ వచ్చేయండి. అక్కడి టివోలి పార్కు 1843 నాటిది. దాని క్రిస్మస్ సీజన్ నవంబర్‌లో మొదలై జనవరి మొదటి రోజుల దాకా ఉంటుంది, మధ్యలో డిసెంబర్ 24న మాత్రం మూసేస్తారు. స్టాక్‌హోమ్ నుంచి రైల్లో సుమారు 5 గంటలు. మా మాల్మో దాటాక సముద్రం మీది వంతెన ఎక్కుతుంది, అది 2000లో తెరిచారు, పగటిపూట రండి. కోపెన్‌హేగన్ సెంట్రల్ స్టేషన్ బయట రోడ్డు దాటితే టివోలి. అయితే ఒక మాట, అది వినోద పార్కు. లైట్లు, రైడ్లు, పిల్లల కేకలు. అమ్మగారికి నచ్చుతుందని నేను హామీ ఇవ్వను.

వైన్ గురించి అడిగారు కదా. ఇక్కడ అందరి చేతుల్లో కనపడేది గ్లొగ్. దాల్చినచెక్క, యాలకులు, లవంగాలు వేసి కాచిన వైన్, కప్పులో బాదంపప్పు, ఎండుద్రాక్ష వేసిస్తారు. మద్యం లేనిది కూడా దొరుకుతుంది, "ఆల్కొహూల్‌ఫ్రీ" అంటే ఇస్తారు. కప్పు చిన్నది, వేడిగా ఉంటుంది, చేతులు కాచుకోవడానికైనా కొనుక్కోవచ్చు. లూసియా రోజుల్లో కుంకుమపువ్వు బన్ను, పెప్పర్‌కాకోర్ అనే పల్చటి అల్లం బిస్కెట్లు ఎక్కడ చూసినా ఉంటాయి. కారం మాత్రం ఆశించకండి. సాసేజ్ చాలావరకు పంది మాంసం, పడకపోతే అడిగి తీసుకోండి.

బ్రాడీపేట టీచర్:

ఇద్దరికీ చాలా థాంక్స్. కార్టూన్ల సంగతి నిజమేనా అని తమ్ముణ్ణి అడిగితే "అవునక్కా, నీకు చెప్పలేదా" అన్నాడు. వాడి పని తర్వాత చెప్తా. ప్రిన్సిపాల్ గారు 10 నుంచి 21 దాకా సెలవు ఇస్తానన్నారు, టివోలి అమ్మకి వద్దులెండి.

ఇప్పుడు అమ్మ ఇంకో మెలిక పెట్టింది. అంత దూరం వెళ్ళి వాళ్ళ చర్చిలో క్రిస్మస్ ఆరాధన చూడకుండా వస్తే ఏం లాభం అంటుంది. అలాగని 25న మన చర్చిలో స్త్రీల సమాజం పాట తను లేకుండా జరిగితే ఊరుకోదు. రెండు చోట్లా ఎలా ఉంటావమ్మా అంటే నన్నే కోప్పడుతోంది.

అరండల్‌పేట కోడలు, ఉప్సల:

టీచర్ గారూ, మా అత్తగారిదీ ఇదే పట్టు, అందుకే రాస్తున్నా. 25 తెల్లవారుజామున ఇక్కడ యూలొట్టా అని ఆరాధన ఉంటుంది. ఆవిడ ముందురోజు రాత్రే చీర ఇస్త్రీ చేయించుకుని, దాని మీద రెండు కోట్లు తొడుక్కుని వచ్చారు. కొవ్వొత్తులు, పాటలు బాగున్నాయి. కానీ బయటికొచ్చాక "పాస్టర్ గారికి ఒంట్లో బాలేదా, ప్రసంగం అంత తొందరగా ముగించేశారు?" అని అడిగారు. గుంటూరు క్రిస్మస్ ఆరాధనకి అలవాటు పడ్డవాళ్ళకి ఇక్కడిది ఎత్తుకోగానే దించేసినట్టుంటుంది. 2000 దాకా ఇక్కడి లూథరన్ చర్చి ప్రభుత్వ చర్చి, ఇప్పుడు మామూలు ఆదివారాల్లో బెంచీలు చాలావరకు ఖాళీ.

మా అత్తగారు ఇప్పటికీ చెప్పుకునేది లూసియా గురించే. ఆ పిల్లలు పాడుతుంటే వంగి నా చెవిలో "వీళ్ళకి చలి వేయదా?" అంటూనే కళ్ళు తుడుచుకున్నారు. కాబట్టి అమ్మగారికి ఇలా చెప్పండి: 13 ఆదివారం ఉదయం ఆరాధన అక్కడ, సాయంత్రం లూసియా అక్కడ, 25 పాట గుంటూరులో. ఏదీ వదులుకోనక్కర్లేదు. సాయంత్రాలు ఊరికే వీధుల్లో నడిపించండి. దాదాపు ప్రతి కిటికీలో కొవ్వొత్తుల ఆకారంలో కరెంటు దీపాల స్టాండు, మనం ఇంటి మీద కట్టే స్టారు వాళ్ళకి కిటికీ లోపల.

షూ గురించి ఎవరూ చెప్పలేదు. తెల్లటి మంచు ఉంటుందని గ్యారంటీ లేదు, స్టాక్‌హోమ్ డిసెంబర్ సున్నాకి అటూఇటూ. కరిగిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి పొద్దున్నకి అద్దంలా అవుతాయి, పైగా గమ్లా స్టాన్ వీధులు రాళ్ళు పరిచినవి. షూకి కింద తొడిగే మేకుల పట్టీలు దొరుకుతాయి, బ్రొద్దార్ అంటారు. దిగిన మర్నాడే అమ్మగారికి కొనేయండి, లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం విప్పాలి, టైల్స్ మీద అవే జారతాయి. జాకెట్ గుంటూరులో కొనకండి, తమ్ముడి స్నేహితుల్లో ఎవరో ఒకరి దగ్గర అరువు దొరుకుతుంది. ఒంటికి తగిలేది ఉన్ని అయితే మంచిది. కాటన్ తడిస్తే ఆరదు.

అన్నట్టు మీ ఇంట్లో గులాబీ పువ్వుల అచ్చు ఉందా? ఇక్కడ కూడా క్రిస్మస్‌కి అలాంటి ఇనప అచ్చు పిండిలో ముంచి నూనెలో వేయించి పైన పంచదార చల్లుతారు, పేరు స్ట్రూవోర్. మా పక్కింటి పెద్దావిడ చేస్తుంటే మా అత్తగారు పిండి పల్చగా ఉందని చెప్పమని నా ప్రాణం తీశారు. నేను చెప్పలేదు.

కిస్తా రిటర్న్:

పచ్చళ్ళ లిస్టు మిగిలిపోయింది. చికెన్ పచ్చడి కొట్టేయండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు, నెయ్యి, పాలకోవా కూడా అందులోకే వస్తాయి. గోంగూర, మాగాయ, కారప్పొడి పర్వాలేదు, రెండు కవర్లలో సీల్ చేసి పెద్ద బ్యాగులో పెట్టండి. పచ్చి కరివేపాకు వద్దు, దానికి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు.

వీసా సంగతి మీరు అడగలేదు గానీ అసలు తలనొప్పి అదే. స్వీడన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 15 రోజుల దాకా ఆగడం పిచ్చితనం, క్రిస్మస్ ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు. 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేలిముద్రలకి అమ్మగారిని హైదరాబాద్ తీసుకెళ్ళాలి. ఇంట్లో దిగుతున్నారు కాబట్టి మీ తమ్ముడు ఆహ్వాన ఫారం నింపి, అక్కడి జనాభా రిజిస్టర్ నకలు జతచేసి పంపాలి.

బ్రాడీపేట టీచర్:

ఆ ఫారం వాడే నింపాలా? నేను నింపి వాడితో సంతకం పెట్టించుకుంటే సరిపోదా?

కిస్తా రిటర్న్:

నింపడం మీరు నింపండి, సంతకం మాత్రం అతనిదే. రిజిస్టర్ నకలు కూడా అతనే తీయాలి, ఆన్‌లైన్‌లో వచ్చేస్తుంది. వీడియో కాల్ పెట్టి, పంపేదాకా కట్ చేయకండి.