అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ కారు (ఈవీ) చార్జింగ్: ఇంటి మీటరు చాలా, ఈవీ మీటరు వేరే తీసుకోవాలా?

నిజాంపేట్_302
ఉగాదికి ఎలక్ట్రిక్ కారు కొన్నాం. 30 యూనిట్ల బ్యాటరీ. మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, సొంత ఫ్లాటే. మీటర్లన్నీ కింద సెల్లార్‌లో ఉన్నాయి. అక్కడి నుంచి మా పార్కింగ్ స్తంభానికి 12 మీటర్లు కూడా ఉండదు. కార్యదర్శి గారిని అడిగితే "కుదరదమ్మా" అన్నారు. ఎందుకో చెప్పలేదు.

అందుకని రెండు నెలలుగా బాచుపల్లిలో మా అన్నయ్య ఇంట్లో చార్జ్ పెట్టుకుంటున్నాం. కారుకని చిన్న సబ్ మీటరు పెట్టించాడు. నెలకు 1200 కిలోమీటర్లు తిరిగితే 190 యూనిట్లు చూపిస్తోంది. డబ్బులు ఇస్తానంటే తీసుకోడు. వదిన ఒక్క మాట అనలేదు. కానీ మొన్న వెళ్లేసరికి కరెంటు బిల్లు ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంది. ఆ రోజు కారు చార్జ్ పెట్టకుండానే వచ్చేశాను.

మా ఇంటి వాడకం చలికాలంలో 150 యూనిట్లు, ఎండాకాలంలో 280. ఇంటి మీటరు నుంచి లైను లాక్కుంటే మంచిదా, ఈవీ మీటరు వేరే తీసుకోవాలా? వాడుతున్నవాళ్లు చెప్పండి.

బెజవాడ_బండి
ఇంటి మీటరే చాలండీ. ఎక్కువ వాడిన యూనిట్లకే ఎక్కువ రేటు పడుతుంది, మిగతా బిల్లు కదలదు. 225 యూనిట్లు దాటితే యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఈవీ మీటరుకు 6.70. మీ 190 యూనిట్ల మీద తేడా నాలుగైదు వందలు. దాని కోసం కొత్త కనెక్షన్, డిపాజిట్, ఆఫీసు చుట్టూ తిరగడం ఎందుకు? రెండేళ్లుగా ఇంటి మీటరు మీదే నడుపుతున్నా.

లెక్కల_మాస్టారు
పొరపాటు. ఆవిడ ఉండేది నిజాంపేటలో. తెలంగాణలో 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటారంటే మొదటి 200కూ 5.10 లెక్క, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9, తర్వాత 9.50. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు పెరిగింది.

ఇప్పుడు అమ్మాయి లెక్క. చలికాలం 150 యూనిట్లకు 580. కారు 190 కలిస్తే 340 యూనిట్లు, 2150. అంటే కారు వల్ల పెరిగింది 1570, యూనిట్‌కు 8.26 పడింది. ఎండాకాలం 280కి 1636, కారుతో కలిపి 470కి 3355. పెరిగింది 1719, యూనిట్ 9 దాటింది. ఈవీ మీటరులో యూనిట్ 6 రూపాయలు, 190కి 1140. చలికాలం 430, ఎండాకాలం 579 తేడా. ఆ మీటరు ఫిక్స్‌డ్ చార్జీ ఇందులోంచి తీసేయాలి.

బెజవాడ_బండి
మాస్టారూ, బిల్లు చూడకుండా మాట్లాడే మనిషిని కాదు నేను. రెండేళ్ల బిల్లులు ఫైల్లో ఉన్నాయి. ఎప్పుడూ మొదటి యూనిట్ నుంచి రేటు మారలేదు. 30 వరకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6. ఎంత వాడినా ఈ మెట్లు అలాగే ఉంటాయి. నా బిల్లును పెంచేది స్లాబు కాదు, సర్దుబాటు చార్జీ. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కట్టించుకుంటున్నారు. దాని గురించి మాట్లాడరేం?

లెక్కల_మాస్టారు
మొత్తం వాడకాన్ని బట్టి మొదటి యూనిట్ నుంచే రేటు మార్చే గ్రూపులు ఆంధ్రలో 2022లో ఎత్తేశారు. తెలంగాణలో ఉన్నాయి. ఇద్దరం రెండు రాష్ట్రాల బిల్లులు పట్టుకుని కొట్టుకుంటున్నాం. అడిగింది హైదరాబాద్ సంగతి.

బెజవాడ_బండి
అది ముందే చెప్పొచ్చుగా. "పొరపాటు" అని మొదలుపెట్టారు.

గచ్చిబౌలి_డీజిల్
1200 కిలోమీటర్లకు లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారైతే 80 లీటర్లు. ఇక్కడ లీటరు 107. ఎనిమిదిన్నర వేలు! మీకు ఏ మీటరైనా నెలకు ఆరు వేల పైన మిగులుతోంది. 500 కోసం ఇంత చర్చా?

డాలస్_తెలుగు
మాకు టెక్సస్‌లో రాత్రి కరెంటు ఉచితం అనే ప్లాన్లు ఉన్నాయి. పగటి రేటు మాత్రం ఎక్కువ. రాత్రి పెట్టుకుంటే మీకూ తగ్గుతుందేమో చూడండి.

లెక్కల_మాస్టారు
ఇక్కడ ఇంటి మీటరుకు పగటి రేటు, రాత్రి రేటు అని వేరుగా లేవు. ఎప్పుడు పెట్టినా ఒకటే.

కరీంనగర్_వైర్‌మన్
మీటరు ఏదైనా పెట్టుకోండి అక్కా, ముందు వైరు సంగతి చూడండి. 20 ఏళ్లుగా ఇదే పని నాది. కారు చార్జర్ 3.3 కిలోవాట్లు, అంటే 14, 15 ఆంపియర్లు. గీజర్ కూడా అంతే లాగుతుంది కానీ 20 నిమిషాల్లో ఆగిపోతుంది. కారు ఖాళీ బ్యాటరీ మీద తొమ్మిది పది గంటలు ఆగకుండా లాగుతుంది. పోయిన నెల ఒక ఇంట్లో సాకెట్ విప్పితే వెనక ప్లాస్టిక్ బెల్లం పాకంలా కారి గడ్డకట్టి ఉంది. స్క్రూ సరిగ్గా బిగించలేదు, వైరు 2.5 స్క్వేర్ ఎంఎం, సన్నది. బయటికి మాత్రం సాకెట్ చివర కాస్త గోధుమ రంగు తేలింది, అంతే. ఇంటివాళ్లు అది మరక అనుకుని తుడుస్తున్నారు.

4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఇండస్ట్రియల్ సాకెట్, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే, షాక్ కొడితే ఆపేసేది), మంచి ఎర్తింగ్. ఈ ఐదూ లేకుండా కారు ప్లగ్గు పెట్టొద్దు. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు చార్జింగే మొదలుపెట్టవు. జనం కారు పాడైందని షోరూమ్‌కు ఫోన్ చేస్తారు.

మలక్‌పేట_కార్యదర్శి
ఇంతసేపూ చూస్తున్నాను. అందరూ రూపాయలు లెక్కేస్తున్నారు. నేను 15 ఫ్లాట్ల సంఘానికి ఆరేళ్లుగా కార్యదర్శిని. మా దగ్గర ఇద్దరు అడిగారు, కుదరదన్నాను. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఏం జరిగిందో మరిచిపోయారా? కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జికి చేరి 8 మంది పోయారు. మా సెల్లార్‌కు కూడా పైకి మెట్లదారి ఒక్కటే. రేపు ఏదైనా అయితే పోలీసులు ముందు నా పేరే అడుగుతారు.

నిజాంపేట్_302
కార్యదర్శి గారూ, భయం అర్థమవుతుంది. కానీ ఇంట్లో ఇప్పుడున్న కనెక్షన్ నుంచే కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే ఉంది. అడిగినవాళ్లకు ఈవీ కోసం వేరే కనెక్షన్ ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో నిబంధన మార్చారు. నా మీటరు, నా పార్కింగ్, నా బిల్లు. సంఘం "కుదరదు" అనడానికి ఆధారం ఏంటి?

అద్దె_ఇల్లు_కొండాపూర్
మీకు కనీసం అడిగే హక్కుంది మేడం. నేను అద్దెకుంటున్నాను. పార్కింగ్ అద్దె కలిపే కడుతున్నా. ఓనర్ అమెరికాలో ఉన్నారు, "సంఘం ఒప్పుకుంటే నాకేం" అంటారు. సంఘం "ఓనర్ లెటర్ తెండి" అంటుంది. లెటర్ తెస్తే మీటింగ్‌లో పెడతామన్నారు. మీటింగ్‌కు అద్దెవాళ్లను రానివ్వరు. 11 నెలలు ఇలాగే గడిచాయి. రాత్రి పదింటికి బయట చార్జింగ్ స్టేషన్‌లో క్యూలో కూర్చుని పాపకు ఫోన్‌లో కథ చెప్పి పడుకోబెడుతున్నా.

మలక్‌పేట_కార్యదర్శి
మార్గదర్శకాలు నాకూ తెలుసమ్మా. ఢిల్లీ నుంచి కాగితం వస్తుంది, సెల్లార్‌లో మీటర్ల ప్యానెల్ మార్చడానికి డబ్బు రాదు. "నా మీటరు, నా బిల్లు" అన్నారు. మీ మీటరుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? అందరికీ కలిపి ఉన్న ఒక్క కేబుల్ నుంచి, ఒక్క మెయిన్ స్విచ్ నుంచి.

మొన్నటి మే నెలలో ఏసీల లోడుకు మా ప్యానెల్ కాలిపోయింది. అప్పటికి ఒక్క ఎలక్ట్రిక్ కారు కూడా లేదు. రెండు రాత్రులు కరెంటు లేదు. మా అమ్మకు 81, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉంది. అర్ధరాత్రి నాలుగో అంతస్తు నుంచి కుర్చీలో కూర్చోబెట్టి నేనూ వాచ్‌మన్ కిందికి దించాం. ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దించాను. ఆ తర్వాత ప్యానెల్ బాగుచేయించడానికి ఫ్లాటుకు ఇంత అని అడిగితే నలుగురు ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. అందులో ఇద్దరు ఇప్పుడు ఈవీ సాకెట్ అడుగుతున్నారు. అందుకే కుదరదన్నాను. మంటల భయం ఉంది, నిజమే. కానీ అసలు సంగతి ఇది.

గచ్చిబౌలి_డీజిల్
ఇది ముందే చెప్పాల్సింది సార్. అమ్మగారు ఎలా ఉన్నారు?

మలక్‌పేట_కార్యదర్శి
బాగానే ఉంది. ఇన్వర్టర్ కొన్నాను.

గ్రౌండ్_ఫ్లోర్_వనజ
మాది గ్రౌండ్ ఫ్లోర్. 13 ఏళ్లలో లిఫ్ట్ ఎక్కింది బట్టలు ఆరేయడానికి టెర్రస్ మీదికి వెళ్లినప్పుడే. అయినా లిఫ్ట్ కరెంటు, రిపేరు, అన్నిటిలో సమానంగా కట్టాను. మొన్న తాడు మార్చినప్పుడూ కట్టాను. అప్పుడెవరూ "వాడనివాళ్లు కట్టక్కర్లేదు" అనలేదు. ఇప్పుడు కారు చార్జింగ్ ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మా సంఘంలో "వాడేవాళ్లే కట్టాలి" అంటున్నారు. ఏదో ఒక పద్ధతి పెట్టండి. లిఫ్ట్‌కు ఒకటి, కారుకు ఒకటి ఎలా కుదురుతుంది?

బెజవాడ_బండి
లిఫ్ట్ అందరికీ అవసరం. కారు సొంత సుఖం. రెండూ ఒకటి కాదు.

గ్రౌండ్_ఫ్లోర్_వనజ
మీది ఇండిపెండెంట్ ఇల్లు కదండీ, అందుకని అలా అనిపిస్తుంది. నాకు లిఫ్ట్ అవసరం లేదు. అయినా కట్టాను. కోపంతో కాదు, పైన ముసలివాళ్లు ఉన్నారని కట్టాను.

కరీంనగర్_వైర్‌మన్
కార్యదర్శి సార్ చెప్పింది నిజం. 20 ఫ్లాట్లలో పది కార్లు ఒకేసారి పెడితే 33 కిలోవాట్లు. అదే 7.2 కిలోవాట్ల గోడ చార్జర్లైతే ఐదింటికే 36. చాలా అపార్ట్‌మెంట్లకు ఉండేది 63 లేదా 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరే. ఏసీలు, మోటారు, లిఫ్ట్ అన్నీ దాని మీదే. కానీ అందరూ మరిచిపోతున్న సంగతి ఒకటుంది. అక్క నెలకు 1200 అంటే రోజుకు 40 కిలోమీటర్లు. ఆరేడు యూనిట్లు, రెండు గంటల చార్జింగ్. చార్జింగ్ అర్ధరాత్రి తర్వాత మొదలయ్యేలా టైమర్ పెట్టొచ్చు. తెల్లవారుజామున రెండింటికి ప్యానెల్ మీద లోడు, రాత్రి తొమ్మిదింటి లోడులో సగం కూడా ఉండదు. గోడ చార్జర్ వద్దు, 3.3 చాలు. ఇంటి మీటరు మీద పెట్టుకుంటే మాత్రం లోడు పెంచమని దరఖాస్తు ఇవ్వండి. లేకపోతే మీటరులో ఎక్కువ లోడు నమోదై నోటీసు వస్తుంది.

లెక్కల_మాస్టారు
రేటు తేడా లేకపోయినా రాత్రి చార్జింగ్‌కు విలువ ఉందన్నమాట. బిల్లు వరకే చూశాను, కేబుల్ గురించి ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను.

ఇంకో దారి కూడా ఉంది. ఇంటి పైకప్పు సోలార్‌కు కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, అందులో ఈవీ చార్జింగ్ కూడా చేర్చారు. టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లు పెడితే లిఫ్ట్, మోటారు బిల్లు తగ్గుతుంది. మిగిలిన డబ్బు కేబుల్‌కు పనికొస్తుంది.

మలక్‌పేట_కార్యదర్శి
టెర్రస్ ఎవరిదన్నది మా దగ్గర ఇంకా తేలలేదు మాస్టారూ. పైఅంతస్తు ఆయన పూలకుండీలు పెట్టి ఏడేళ్లయింది.

నిజాంపేట్_302
ఒకటి నేరుగా అడుగుతాను కార్యదర్శి గారూ. మీ అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటు వాళ్లు వచ్చి, పాత బాకీ కట్టేసి, ప్యానెల్, కేబుల్ పెంచే ఖర్చు మొత్తం ఇప్పుడు మేమే పెడతాం, తర్వాత సాకెట్ అడిగిన ప్రతివాళ్లూ మా ఖర్చులో వాటా తిరిగి ఇవ్వాలి, ఇది తీర్మానంగా రాయండి అంటే ఒప్పుకుంటారా?

మలక్‌పేట_కార్యదర్శి
బాకీ కట్టి వస్తే మాట్లాడతాను. రాత్రి 12 నుంచి 5 వరకే అని కూడా అందులో రాయాలి. కానీ అద్దెవాళ్లు పెట్టించుకుని వెళ్లిపోతే ఆ వాటా ఎవరి దగ్గర తీసుకోవాలి?

అద్దె_ఇల్లు_కొండాపూర్
ముందే డిపాజిట్ తీసుకోండి సార్, ఇస్తాను. సాకెట్ గోడ మీదే ఉంటుంది, దాన్ని మోసుకుపోను. తర్వాత వచ్చేవాళ్ల దగ్గర తీసుకుని నాది వెనక్కివ్వండి. మీటింగ్‌లో ఒక్కసారి కూర్చోనిస్తే ఇదే మాట చెప్పేవాణ్ణి.

మలక్‌పేట_కార్యదర్శి
మా దగ్గర కూడా అద్దెవాళ్లను పిలవలేదు. చూస్తాను.

బెజవాడ_బండి
ఇంటి మీటరుతోనే చేయండి, ఇప్పటికీ అదే చెబుతున్నా. కొత్త కనెక్షన్ అంటే ప్యానెల్‌లో ఇంకో మీటరుకు చోటు కూడా కావాలి.

నిజాంపేట్_302
ఆ మాట నిజమే. మా ప్యానెల్‌లో ఇంకో మీటరుకు చోటు ఉందో లేదో కూడా చూడలేదు నేను. మా కార్యదర్శి గారిని రెండుసార్లు సాకెట్ గురించే అడిగాను తప్ప ప్యానెల్ ఎంత మోస్తుందని అడగలేదు. ఆదివారం ఉదయం ఆయన ఇంటికి వెళ్తున్నాను. అన్నయ్య వాళ్లింటికి కూడా వెళ్లి, ఆ రెండు నెలల డబ్బు వదిన చేతికే ఇస్తాను.

కరీంనగర్_వైర్‌మన్
వెళ్లేముందు సెల్లార్‌లో మెయిన్ స్విచ్ మీద ఎన్ని ఆంపియర్లని ఉందో ఫొటో తీయండి అక్కా. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి, మీ ఎలక్ట్రీషియన్‌తో మూడు ఫేజుల మీదా క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచేది) పెట్టించి రాసుకోండి. ఆ ఆరు అంకెలూ ఇక్కడ పెడితే 4 స్క్వేర్ సరిపోతుందో, కేబుల్ మార్చాలో చెబుతాను.