హబ్సిగూడలో సూడాన్ కుటుంబానికి ఇల్లు అద్దెకిస్తానంటే ఇంత గొడవా?

అరుగు_మీద_పేపర్:

మాది హబ్సిగూడ వీధి నంబర్ 8 వైపు పాత అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు. పైన మాదే ఇంకో డబుల్ బెడ్‌రూమ్ ఖాళీ అయితే టులెట్ బోర్డు పెట్టాం. మూడో రోజు ఒక సూడాన్ అబ్బాయి భార్యనీ రెండేళ్ళ పాపనీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్నాడట. 2023 ఏప్రిల్‌లో అక్కడ యుద్ధం మొదలయ్యాక ఖార్తూమ్‌లో వాళ్ళ ఇల్లు ఉందో లేదో కూడా తెలియదన్నాడు. అద్దె దగ్గర బేరమాడలేదు, రెండు నెలల అడ్వాన్సుకి సరే అన్నాడు. ఈలోపు ఆ పాప మా ఆవిడ చేతిలో అరిసె లాక్కుని తినేసింది, మా ఆవిడ వైపు నుంచి అగ్రిమెంట్ అక్కడే అయిపోయింది.

సాయంత్రం అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మాటవరసకి చెప్పాను, అంతే, రాత్రి పదకొండు దాకా ఫోన్ మోగుతూనే ఉంది. ఇవాళ ఒక ఫ్యామిలీ రేపు పదిమంది అని ఒకరు, డ్రగ్స్ అని ఒకరు, మన కల్చర్ ఏమైపోవాలి అని ఒకరు. అందరికంటే పొడుగు మెసేజ్ పెట్టినాయన కూతుళ్ళిద్దరూ న్యూజెర్సీలో ఉన్నారు. నేనేదో గొప్పవాణ్ణని కాదు, ఆ మెసేజీలు నాలుగైదు చదివేసరికి నాకూ టెన్షన్ పట్టుకుంది. కానీ మావాడు పన్నెండేళ్ళుగా డల్లాస్‌లో ఉన్నాడు, హెచ్‌1బీ మీదే, గ్రీన్ కార్డు క్యూలో ఇంకా ఎక్కడో వెనకున్నాడు. పోయిన నెల షాపు పార్కింగ్‌లో ఎవడో కారు అద్దం దించి మీ దేశం పో అన్నాడట. ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం దిగలేదు. ఇప్పుడు ఈ అబ్బాయికి ఫోన్ చేసి ఏమని చెప్పను? ఇవ్వొచ్చా, ఇస్తే ఏమేం చూసుకోవాలి?

కిరాయి_కష్టాలు:

ఇవ్వొచ్చు సార్. తార్నాకలో మా ఇంట్లో ఇద్దరు విదేశీ స్టూడెంట్లు ఉండి వెళ్ళారు. ముఖ్యమైనది ఫారం సి. వాళ్ళు దిగిన 24 గంటల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకి ఆన్‌లైన్‌లో తెలపాలి. అదేదో హోటళ్ళకే అనుకుంటారు, ఇల్లు ఇచ్చిన మనకీ ఉంది. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబరు నుంచి కొత్తది వచ్చింది, ఈ పని మాత్రం తప్పలేదు. పాస్‌పోర్టు, వీసా, యూనివర్సిటీ బోనఫైడ్ కాపీలు తీసుకోండి, వీసా గడువు తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. అసోసియేషన్ సంగతి అంటారా, బైలాస్ తీసి చదవండి, మా దాంట్లో అయితే ఫలానా దేశంవాళ్ళకి ఇవ్వొద్దని ఎక్కడా లేదు.

నలుగురితో_పాటు:

నేనొక అపార్ట్‌మెంట్ సెక్రటరీని, తిట్టుకున్నా ఫర్వాలేదు. మా దగ్గర ఒకాయన ఇలాగే జాలిపడి ఇచ్చాడు, ఆ కుర్రాడి వీసా అయిపోయింది, అర్ధరాత్రి పోలీసులొస్తే లుంగీతో కిందికి దిగింది నేను, ఓనరేమో బెంగళూరులో, ఫోన్ స్విచాఫ్. మనవాళ్ళు అక్కడ టాక్స్ కడుతూ పద్ధతిగా ఉంటారు, అదీ ఇదీ ఒకటి ఎలా అవుతుంది? వచ్చినవాళ్ళే కలవాలి, మనం ఎందుకు మారాలి?

బార్కస్_జామ:

సార్, మీ ఏరియా పేరు ఒకసారి నెమ్మదిగా పలకండి. హబ్షీ అంటే ఆఫ్రికావాడు. హబ్షీలు ఉన్న చోటు కాబట్టే హబ్సిగూడ అనే పేరొచ్చిందంటారు. అక్కడ ఆఫ్రికావాళ్ళకి ఇల్లివ్వొద్దని తీర్మానం! సిటీలో ఏసీ గార్డ్స్ అనే ఏరియా పేరు వింటే చిన్నప్పుడు ఏసీ మిషన్లకి కాపలా అనుకునేవాణ్ణి, నిజాం కాలంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే గుర్రపు దళం, అది. మా బార్కస్ అసలు బ్యారక్స్, నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులవి. ఇవాళ సిటీ అంతా మండీ పళ్ళెం చుట్టూ కూచుంటున్నది వాళ్ళ పుణ్యమే.

అలాగని అంతా చక్కగా కలిసిపోయారని రాయలేను. 1948 తర్వాత నిజాం సైన్యం పోయింది, సిద్దీల, అంటే ఇక్కడి ఆఫ్రికా సంతతివాళ్ళ, కొలువులూ పోయాయి, చాలామంది దొరికిన పనుల్లో పడ్డారు. పెళ్ళి బారాత్‌లో వాళ్ళ మర్ఫా డప్పులు మోగితే రోడ్డు మీద మనమే ఎగురుతాం, వాయించేవాడు మన పక్క ఫ్లాట్‌కి వస్తానంటేనే ఇబ్బంది. సెక్రటరీ గారూ, టెక్సస్‌లో షుగర్‌ల్యాండ్‌లో 90 అడుగుల హనుమంతుణ్ణి నిలబెట్టారు మనవాళ్ళు, నాకూ సంతోషమే, మరి అది మనం కలవడమా, వాళ్ళు మారడమా?

మూడో_ఇల్లు:

పుట్టింది సూర్యాపేట, మాట్లాడేది తెలుగు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూకట్‌పల్లిలో మూడిళ్ళ దగ్గర "మీరేమిట్లు?" అని కులం అడిగి, చెప్పాక "ఎవరో ముందే అడ్వాన్స్ ఇచ్చారు" అన్నారు. బోర్డు మాత్రం నెల దాకా తీయలేదు. మన కల్చర్ అంటున్న వాళ్ళ 'మన'లో నేనున్నానా లేదా, ముందు అది చెప్పండి, సూడాన్ సంగతి తర్వాత చూద్దాం.

ఓయూ_పాతకాపు:

హైదరాబాద్‌లో బయటివాడు ఎవడనే పంచాయితీ ఇప్పటిది కాదు. సర్కారు కొలువులు ముల్కీలకే, అంటే స్థానికులకే అనే ముల్కీ నిబంధనల నిజాం ఫర్మానా 1919లో వచ్చింది. 1952లో "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని ఊరేగింపులు తీసినరు, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి పిల్లలు చచ్చిపోయిన్రు. మా నాయన ఆ ఊరేగింపులో ఉన్నాడు, తర్వాత ముప్పై ఏళ్ళు పొద్దున టిఫిన్ ఇడ్లీనే. దీన్నీ మీ వాట్సాప్ గొడవనీ ఒకే గాటన కట్టొద్దు. మాది కొలువుల లడాయి, దొంగ ముల్కీ సర్టిఫికెట్లతోటి మా పోరగాళ్ళ ఉద్యోగాలు వేరేవాళ్ళకి పోయినయి, 1969ల తెలంగాణ ఉద్యమం నాటికి కూడా అది సల్లారలేదు.

కానీ ఆ రూల్లో ఒక సంగతి ఉండె. బయటినుంచి వచ్చినోడు 15 ఏళ్ళు ఇక్కడ స్థిరంగా ఉండి, మళ్ళీ సొంతూరికి పోయే ఆలోచన లేదని మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ ఇస్తే ముల్కీ అయితడు. ఇన్నేళ్ళు ఆగు, తర్వాత నువ్వు మావోడివి అని లెక్క చెప్పిన్రు. డల్లాస్‌ల ఉన్న మీ అబ్బాయికి ఆ లెక్క చెప్పేటోడే లేడు. ఏ దేశానికైనా ఏటా గ్రీన్ కార్డుల్లో 7 శాతం మించొద్దు, మన జనం చూస్తే అంత, ఇక క్యూ కదిలేదెప్పుడు? మన దేశంలో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలన్నా మామూలుగా 12 ఏళ్ళు సక్రమంగా ఉండాలె, అదీ ఒక లెక్కే. మీ అపార్ట్‌మెంట్‌ల ఆ సూడాన్ పిల్లగాడు ఎన్నేళ్ళుంటే పక్కింటోడు అయితడో గ్రూపులో అడగండి. ఒక్కడన్నా నంబర్ చెప్తడేమో చూద్దాం.

నలుగురితో_పాటు:

నేను వద్దనలేదండీ, ఓనర్ ఫోన్ ఎత్తాలన్నాను. ఫారం సి కాపీ నా దగ్గర ఒకటి పెడితే నాకేం అభ్యంతరం?

అరుగు_మీద_పేపర్:

అందరికీ థాంక్స్. నిన్న ఇచ్చేశాను. ఫారం సి ఫోటో సైజు కుదరక మా ఇద్దరికీ ఒక సాయంత్రం పోయింది, చివరికి కంప్యూటర్ ముందు ఆ అబ్బాయే కూచుని పూర్తి చేశాడు. పాతకాపు గారూ, మీరన్న ప్రశ్న గ్రూపులో పెట్టాను, 14 మంది చూశారు, ఎవరూ నంబర్ చెప్పలేదు. మూడో_ఇల్లు గారూ, మీకు ఏం రాయాలో తోచక రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను, మా బోర్డు మీదా ఇదివరకు 'ఫ్యామిలీస్ ఓన్లీ' కింద ఇంకో మాట ఉండేది. పొద్దున లిఫ్ట్ దగ్గర మా సెక్రటరీ కనిపించి, నీళ్ళ ట్యాంకర్ డబ్బులు తలకింత లెక్కన ముగ్గురికీ కట్టించాలన్నాడు. రెండేళ్ళ పాపకి కూడానా అంటే, మీటింగ్‌లో పెడతామన్నాడు.