సోలార్ హీటర్ కాయిల్ వాతావరణాన్ని బట్టి దానంతటదే ఆన్ అయ్యే ఏర్పాటు మనకు పనికొస్తుందా?

మిద్దెమీద_ఎండ, అనంతపురం:

మా మిద్దె మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఉంది, గాజు ట్యూబులది, ట్యాంకులో 2 కిలోవాట్ల కాయిల్ కూడా పెట్టించినాం. మన ఊరికి ఎండ కొదవ లేదు కాబట్టి ఏడాదిలో చాలా నెలలు కాయిల్ అవసరమే రాదు. చిక్కంతా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చాలు, ఇక్కడ వాన పెద్దగా పడకపోయినా మూడు నాలుగు రోజులు మబ్బు వదలదు, నీళ్లు గోరువెచ్చగా కూడా రావు. నాయనకు మోకాళ్ల నొప్పులు, తెల్లవారుజామున అయిదున్నరకే స్నానం చేసే అలవాటు, వేడినీళ్లు లేకుంటే ఆ రోజంతా ఆయనకు ఇబ్బందే. అందుకని అమ్మ ముందు జాగ్రత్తగా రాత్రే స్విచ్ వేసి పెడుతుంది, మరుసటి రోజు ఎండ బాగా కాసినా అది ఆన్‌లోనే ఉండిపోతుంది, బిల్లు పై స్లాబులోకి పోతోంది.

దుకాణంలో అడిగితే బయట గోడకు సెన్సర్ బిగించి, చలి పెరిగితే కాయిల్ ఆన్ అయ్యేలా చేసిస్తామన్నారు. చలి దేశాల్లో చాలా ఇళ్లకు ఇట్లాంటివే ఉంటాయంట. డబ్బులు పెట్టేముందు తెలిసినవాళ్ల మాట వినాలని అడుగుతున్నా.

తుంగభద్ర_గట్టు, కర్నూలు:

సెన్సర్లు గట్రా ఎందుకప్పా, సాయంత్రం ఫోన్‌లో వాతావరణం చూసుకో, పగలు మబ్బుంటే స్విచ్ వెయ్యి, లేకుంటే మానెయ్. మా ఇంట్లో ఇదే పద్ధతి. కాయిల్‌కు ఒక ఎర్ర ఇండికేటర్ లైటు వంటింట్లో కనపడేలా పెట్టించుకుంటే ఆన్‌లో ఉన్న సంగతి ఎవరూ మర్చిపోరు.

మిద్దెమీద_ఎండ:

లైటు మంచి మాటే అన్నా, అది పెట్టిస్తా. కానీ నేను వారంలో సగం రోజులు ఊళ్లో ఉండను, అమ్మకు ఫోన్ చూసి నిర్ణయించే టెన్షన్ పెట్టడం ఇష్టం లేదు.

హంద్రీ_దాటినోడు, సొంతూరు కర్నూలు, ఉండేది జర్మనీ:

దయచేసి ఆ బయటి సెన్సర్ పెట్టించొద్దు. నేనుండే ఇంట్లో అదే ఉంది, చాలా మంచి పరికరం, కానీ అది చేసే పని వేరు.

ఇక్కడ బాయిలర్ గానీ హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇచ్చే యంత్రం) గానీ నీళ్లు కాచి గదులను వెచ్చబరిచే రేడియేటర్లకు పంపిస్తుంది. ఇంట్లోంచి వేడి ఎంత బయటికి పోతుందనేది లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టే ఉంటుంది. అందుకని ఉత్తరం గోడ మీద, ఎండ తగలని చోట, కిటికీలకూ ఎగ్జాస్ట్ గొట్టాలకూ దూరంగా ఒక సెన్సర్ పెడతారు. బయట మైనస్ 10 ఉంటే రేడియేటర్‌కు 55 డిగ్రీల నీళ్లు, బయట 10 ఉంటే 35 డిగ్రీల నీళ్లు, ఇట్లా ఒక గీత ముందే సెట్ చేసి ఉంటుంది, దాన్ని హీటింగ్ కర్వ్ అంటారు. ఇల్లు చల్లబడ్డాక మేలుకోవడం కాదు, చలి ముదిరే కొద్దీ నీళ్ల వేడి తనే పెంచుకుంటూ పోతుంది. లాభం ఎక్కడంటే, నీళ్లు ఎంత తక్కువ వేడితో పంపితే యంత్రం అంత పొదుపుగా నడుస్తుంది. కండెన్సింగ్ బాయిలర్‌కు తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపు ఉంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి దాని వేడి కూడా మనకు దక్కుతుంది. హీట్ పంపుకైతే నీళ్ల వేడి ఒక్కో డిగ్రీ తగ్గించినప్పుడల్లా కరెంటు సుమారు 2 శాతం పైగా మిగులుతుంది.

ఇప్పుడు అనంతపురం సంగతి చూడండి. అక్కడ డిసెంబర్‌లో బాగా చలి పెట్టే తెల్లవారుజాములు ఎప్పుడొస్తాయి? ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు. మబ్బు లేకపోతే నేల వేడి రాత్రంతా పైకి పోతుంది. కానీ ఆ ముందు రోజు పగలు ఎండ కూడా నిండుగా కాసి ఉంటుంది, ట్యాంకులో నీళ్లు మరుగుతూ ఉంటాయి. అదే ముసురు పట్టినప్పుడు మబ్బు దుప్పటి కప్పినట్టు ఉండి రాత్రి చలి తగ్గుతుంది, ట్యాంకు మాత్రం చల్లగా ఉంటుంది. అంటే మీ గోడ మీది సెన్సర్ నీళ్లు వేడిగా ఉన్న రోజు కాయిల్ వేస్తుంది, నీళ్లు చల్లగా ఉన్న రోజు ఆపేస్తుంది. పూర్తిగా తలకిందులు. మీకు తెలియాల్సింది గాలి చల్లదనం కాదు, ట్యాంకులో ఎంత వేడి మిగిలిందనేది. సెన్సర్ ట్యాంకులో పెట్టండి, పగలు కాసిన ఎండ లెక్క దాంట్లోనే ఉంటుంది.

దాంతోపాటు టైమర్ ఉండాల్సిందే. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం దాకా కాయిల్‌కు కరెంటు పోకూడదు, లేకుంటే సూర్యుడు ఉచితంగా చేసే పనిని మీటర్ తిప్పి చేయించుకున్నట్టే. తెల్లవారుజామున నాలుగు నుంచి అయిదున్నర మధ్య మాత్రం అనుమతిస్తే చాలు.

మిద్దెమీద_ఎండ:

ముసురు రాత్రి చలి తక్కువ ఉంటుందన్నది చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, దీనికి ముడిపెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. చాలా థాంక్స్ అన్నా. గంటన్నరలో 200 లీటర్లు కాగుతాయా మరి?

పెన్నా_కరెంటు, కడప:

కాగవు, కాగాల్సిన అవసరమూ లేదు. ఈ పనే చేస్తాను కాబట్టి వివరంగా చెప్తా. 200 లీటర్లు 25 నుంచి 50 డిగ్రీలకు రావాలంటే దగ్గర దగ్గర 5.8 యూనిట్లు, 2 కిలోవాట్ల కాయిల్‌కు మూడు గంటలు. కానీ కాయిల్ తనకు పైనున్న నీళ్లనే కాస్తుంది, వేడినీళ్లు కిందికి దిగవు. కాయిల్ ట్యాంకు మధ్యలో బిగించి ఉంటే సుమారు 100 లీటర్లే కాగుతాయి. ముసురులో కూడా నీళ్లు 35 దాకా ఉంటే, 50కి రావడానికి 1.7 యూనిట్లు చాలు, గంట కూడా పట్టదు. మీ నాయన స్నానానికీ ఇంకో ఇద్దరికీ సరిపోతాయి. మీ ట్యాంకులో కాయిల్ అడుగునే ఉంటే మాత్రం టైమర్ రెండున్నరకే మొదలుపెట్టండి.

కోడిపిల్లల ఇంక్యుబేటర్లకు వాడే డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ ఉంటుంది, తీగ చివర సెన్సర్‌తో, అది ఈ పనికి సరిపోతుంది. 42కు తగ్గితే ఆన్, 50కి వస్తే ఆఫ్ పెట్టండి. టైమర్, కంట్రోలర్ వరుసలో ఉండాలి, రెండూ ఒప్పుకుంటేనే కాయిల్‌కు కరెంటు పోవాలి. అయితే కాయిల్ లాగేది దాదాపు 9 ఆంప్స్, కంట్రోలర్‌లో ఉండే చిన్న రిలే (కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మీద రోజూ అంత లోడ్ వేస్తే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి, అప్పుడు కాయిల్ ఆగనే ఆగదు. మధ్యలో ఒక కాంటాక్టర్, అంటే ఎక్కువ లోడ్‌ను తట్టుకునే పెద్ద రిలే, పెట్టించండి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా మాత్రం ముసలివాళ్లు స్నానం చేసే లైన్‌లో కాయిల్ వాడొద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. కాయిల్‌తో వచ్చిన థర్మోస్టాట్‌ను కూడా తీసెయ్యొద్దు, కంట్రోలర్ మొరాయిస్తే అదే కాపాడేది.

సెన్సర్‌ను బయటికొచ్చే పైపుకు చుట్టి టేపు వేసేవాళ్లు ఉన్నారు, అట్ల చేయనీకండి. నీళ్లు పారనప్పుడు పైపు చల్లబడిపోతుంది, ట్యాంకు వేడిగా ఉన్నా కాయిల్ వేసేస్తుంది. ట్యాంకులోకే సెన్సర్ దూర్చే సన్న గొట్టం ఉంటుంది, కాయిల్ ఎత్తుకు కొంచెం పైన ఉండాలి.

ఇంకోటి, బోరు నీళ్లా మీవి? ఉప్పు నీళ్లయితే కాయిల్ మీద తెల్లగా గట్టి పొర కడుతుంది, దాంతో లోపలి వేడి నీళ్లకు చేరక కాయిల్ కాలిపోతుంది. ఏటా వానాకాలం అయిపోకముందే విప్పి చూపించుకోండి.

హంద్రీ_దాటినోడు:

పెన్నా అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. నీళ్లు చాలా రోజులు 40 దగ్గరే నిలవుంటే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు, పెద్దవాళ్లకు మరీ ముప్పు. ఎండ ఉన్న రోజుల్లో ట్యాంకు ఎట్లాగూ 60 దాటుతుంది కాబట్టి భయం లేదు. ముసురు వారం దాటితే మాత్రం ఒక రాత్రి కంట్రోలర్‌ను 60కి పెంచి, టైమర్‌ను కూడా ఆ ఒక్క రాత్రికి ఎక్కువసేపు వదలండి.

మిద్దెమీద_ఎండ:

బోరు నీళ్లే అన్నా, కుళాయిలన్నీ తెల్లగా పూత పూసినట్టు ఉంటాయి. కాయిల్ ఏ ఎత్తులో ఉందో ఆదివారం మిద్దెక్కి చూసి ఫోటో పెడతా, సన్న గొట్టం ఉందో లేదో మీరే చెప్పండి. గోడ సెన్సర్ వద్దని దుకాణానికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.