అసింక్ సూచనలు ఏజెంట్‌పై నిజంగా పనిచేస్తున్నాయని ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న:
పైథాన్‌లో అసింక్ కోడ్ (ఒక పని ఎదురుచూస్తుండగా మరో పనిని నడిపే కోడ్) రాసే ఏఐ ఏజెంట్ కోసం నేనొక సూచనల ఫైలు తయారుచేశాను. ఈవెంట్ లూప్‌ను (ఈ పనులను, అంటే టాస్క్‌లను, వంతులవారీగా నడిపే భాగాన్ని) నిలిపివేసే టైమ్.స్లీప్ వంటివి వాడవద్దనీ, మొదలుపెట్టిన ప్రతి టాస్క్ ముగిసేదాకా దాని బాధ్యత ఎవరిదో కోడ్‌లో స్పష్టంగా ఉండాలనీ రాశాను. ఫలితం బాగానే ఉంది కానీ, అది నా సూచనల వల్ల వచ్చిందా, మోడల్‌కు ముందే తెలిసినదా అన్నది తేలడం లేదు.

సమాధానం 1:
అవే పనులను ఫైలుతోనూ, ఫైలు లేకుండానూ, ఒక్కొక్కటి కనీసం 10 సార్లు చేయించి పోల్చండి. మోడల్ ప్రతిసారీ ఒకేలా రాయదు కనుక ఒక్క పరుగును నమ్మలేం. పని వివరణలో ప్రమాదాన్ని (ఉదాహరణకు, టైమ్.స్లీప్ వాడొద్దని) పేరుపెట్టి చెప్పకండి, చెబితే మీరు పరీక్షించేది సూచనలను కాదు. వచ్చిన కోడ్‌లో టాస్క్‌గ్రూప్ (టాస్క్‌లన్నీ ముగిసేదాకా చూసుకునే పైథాన్ సాధనం) అనే మాట ఉందా అని వెతకడం కంటే, దాన్ని నడిపి, మధ్యలో రద్దు చేసి, కనెక్షన్లు మూసుకున్నాయా, టాస్క్‌లేమైనా మిగిలాయా అని చూడటం ముఖ్యం.

సమాధానం 2:
సూచనలే సరైనవో కాదో ముందు చూడాలని నా అభిప్రాయం. క్యాన్సిల్డ్‌ఎర్రర్ (టాస్క్‌ను రద్దు చేసినప్పుడు వచ్చే ఎర్రర్) పైథాన్ 3.8 నుంచి బేస్‌ఎక్సెప్షన్ కిందకు వెళ్లింది, కాబట్టి మామూలు ఎర్రర్లను పట్టే ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ దాన్ని ఇక పట్టదు. అది రద్దును మింగేస్తుందన్న పాత హెచ్చరికను అలాగే ఉంచితే ఏజెంట్ అనవసరమైన కోడ్ రాస్తుంది. టాస్క్‌గ్రూప్ 3.11లో వచ్చింది కాబట్టి వెర్షన్ కూడా రాయాలి. కారణమూ చెప్పండి: ఈవెంట్ లూప్ టాస్క్‌లకు బలహీన రిఫరెన్సులే (టాస్క్‌ను మెమరీలో నిలిపి ఉంచలేనివి) ఉంచుకుంటుంది, అందుకే క్రియేట్_టాస్క్ (టాస్క్‌ను మొదలుపెట్టే ఫంక్షన్) ఇచ్చిన టాస్క్‌ను దాచుకోకపోతే అది పూర్తికాకముందే మాయమయ్యే అవకాశముంది.

సమాధానం 3:
అసింక్ అక్కరలేని పనులనూ కొన్ని కలపండి. ఒక్క ఫైలును చదివే చిన్న స్క్రిప్టును కూడా ఏజెంట్ అసింక్‌గా మారుస్తుంటే, మీ సూచనలు హద్దు దాటాయన్నమాట.