చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయలు: వెల కడితే అడవి నిలుస్తుందా?

మర్రినీడ:
చేవెళ్ల దారిలో రోడ్డు విస్తరణకు అడ్డువచ్చిన మర్రిచెట్ల గురించి ఇక్కడ చాలా రాసుకున్నాం. ఆ సందర్భంలో ఒక సభ్యుడు ఎత్తిన సంగతిని విడిగా చర్చకు పెడుతున్నాను. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే పైవంతెనల కోసం 356 చెట్లు కొట్టాలన్నప్పుడు సుప్రీంకోర్టు ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలనీ, దాన్ని చెట్టు వయసుతో హెచ్చవేయాలనీ ఆ సంఘం చెప్పిన మాట 2021లో వెలుగులోకి వచ్చింది. ఆ లెక్కన నూరేళ్ల మర్రి ఒక్కటే 74 లక్షలు దాటుతుంది. రోడ్డు అంచనాల్లో ఈ మొత్తం మొదటి నుంచీ ఖర్చు కింద కనబడి ఉంటే, ఇంజినీర్లు దారిని కాస్త పక్కకు జరిపే ఆలోచన ముందే చేసేవారని నా నమ్మకం.

రసాయనం:
ఆ 74,500లో 45,000 కేవలం ప్రాణవాయువుకే వేశారు. గాలిలో సుమారు 21 శాతం ప్రాణవాయువే ఉంది. ఒక చెట్టు పోయినంత మాత్రాన ఎవరికీ ఊపిరి తక్కువ కాదు. పైగా బాగా ముదిరిన అడవి విడిచే ప్రాణవాయువు దాదాపు అంతా దాని సొంత శ్వాసకూ, రాలిన ఆకు కుళ్లడానికీ సరిపోతుంది. కొరత లేని సరుకుకు ధర వేసిన లెక్కను కోర్టులో ఎలా నిలబెడతారో ఎవరైనా చెప్పండి.

లెక్కలమాస్టారు:
ప్రాణవాయువు అంకె బలహీనమైనదే, దాన్ని తీసేయండి. అంతమాత్రాన వెల కట్టే పద్ధతి మొత్తం చెడిపోదు. 1999 అక్టోబరులో ఒడిశాను పెనుతుపాను ముంచెత్తిన తర్వాత సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ కేంద్రపాడ జిల్లా గ్రామాలను పరిశీలించి, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువగా ఉన్నాయని 2009లో చూపించారు. మన కోరంగి మడ అడవులను సమర్థించుకోవడానికి ఇలాంటి లెక్క ఎంత పనికొస్తుందో ఆలోచించండి. వెల కట్టని అడవిని ఎవరూ అమూల్యమని అనుకోరు. ప్రాజెక్టు నివేదికలో ఆ గడిలో సున్నా వేసుకుని ముందుకు పోతారు. అందుకే అటవీ భూమిని వేరే పనికి ఇచ్చినప్పుడు నికర వర్తమాన విలువ (ఎన్‌పీవీ), అంటే ఆ అడవి ముందు ముందు ఇచ్చే ప్రయోజనాలకు ఇవాళ్టి లెక్కలో కట్టిన వెల, వసూలు చేయాలని సుప్రీంకోర్టు అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో 2002లోనే చెప్పింది. 2008 మార్చిలో అడవి రకాన్నీ, దట్టాన్నీ బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా ఖరారు చేసింది. అభయారణ్యమైతే దానికి ఐదు రెట్లు, జాతీయ ఉద్యానమైతే పది రెట్లు.

పాతరేంజర్:
ఆ అంకెలు వేసి ఫైలు పైకి పంపిన చేతులు నావి. ఎన్‌పీవీ మొత్తం చూసి వెనక్కి తగ్గిన కంపెనీని నా ఉద్యోగంలో నేను చూడలేదు. డబ్బు కట్టిన రసీదు జత చేసి, అనుమతి ఎప్పుడు వస్తుందని అడిగేవారు. వసూలైన డబ్బేమో ఏళ్ల తరబడి ఖాతాలోనే మగ్గింది. ఆ సొమ్ముతో బదులు అడవి పెంచడానికి 2016లో కాంపా చట్టం, 2018లో నియమాలు వచ్చాక, 2019 ఆగస్టులో గానీ 47,000 కోట్లకు పైగా సొమ్ము రాష్ట్రాలకు చేరలేదు.

గూడెంబిడ్డ:
ఆ సొమ్ము మా దాకా ఏ రూపంలో వచ్చిందో చెబుతాను. మాది గోదావరి ఏజెన్సీ. ఎక్కడో ఒక ప్రాజెక్టు కింద అడవి పోయిందట, దానికి బదులుగా ఇంకొక చోట పెంచాలట. మా చిన్నాన్న జొన్న వేసుకునే పోడులోకి ఒక పొద్దున జేసీబీని తెచ్చి, చుట్టూ కందకం తవ్వి, లోపల టేకు మొక్కలు నాటారు. హక్కు పత్రం కోసం పెట్టుకున్న దరఖాస్తు అప్పటికింకా తేలలేదు. గట్టు మీద మూడు ఇప్పచెట్లు ఉండేవి. పువ్వు రాలే రోజుల్లో చీకటితోనే మా చిన్నమ్మ గంప తీసుకుని వెళ్లేది. ఇప్పుడక్కడ వరుసల్లో టేకు ఉంది, దాని ఆకును మేక కూడా ముట్టదు. మాస్టారి పట్టికలో అది కూడా అడవే, పోయిన అడవీ అడవే.

లెక్కలమాస్టారు:
మీ చిన్నాన్నకు జరిగింది అన్యాయమే, కాదనను. అయితే అది అమలు చేసినవాళ్ల తప్పు. దాన్ని తెచ్చి వెల కట్టడానికి అంటగడితే ఎలా? రేంజర్ గారు చెప్పినట్టు ఎవరూ వెనక్కి తగ్గకపోతే, వెల చాలడం లేదని అర్థం. 2022 జనవరిలో పాత రేట్లను 1.53 రెట్లు చేశారు. పద్నాలుగేళ్ల ధరల పెరుగుదలకు కూడా అది సరిపోదు. హెక్టారు కింద ఉన్న బొగ్గు విలువ పక్కన ఆ మొత్తం ఏ మూలకు? పది రెట్లు పెంచి చూడండి.

రసాయనం:
45,000 సంగతి తేల్చకుండా పది రెట్లకు వెళ్లిపోయారు.

మర్రినీడ:
ఆ 356 చెట్ల కథకు ముగింపు ఇప్పుడే చదివాను. 2023 ఫిబ్రవరిలో వాటిని కొట్టడానికి సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది.

గూడెంబిడ్డ:
మాస్టారూ, చూశారా? పది రెట్లు చేసినా, వంద రెట్లు చేసినా ఉన్నవాడు కడతాడు. కట్టాక దర్జాగా నరుకుతాడు, ఎందుకంటే రసీదు ఉంది. ఒడిశాలో బాక్సైట్ గని తలపెట్టిన నియమగిరి కొండల్లో, అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందులను ఎవరూ హెక్టారుకు ఎంత అని అడగలేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల మాట వినమంది, 12 గ్రామసభలూ వద్దన్నాయి, గని ఆగింది. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని మా కొండకు రేటు కట్టేవాళ్లు, ముందు మమ్మల్ని అడగడం నేర్చుకోవాలి.

లెక్కలమాస్టారు:
ఫ్యాను కింద కూర్చున్నందుకు క్షమాపణ చెప్పను. మీరు గ్రామసభ అనగానే అందరూ మీ నియమగిరినే చూస్తారు. నేను మా ఊరిని చూశాను. మా చెరువు శిఖం భూమిలో లేఅవుట్ వేసినప్పుడు మా గ్రామసభే జరిగినట్టు కాగితం పుట్టింది. దండోరా వేయలేదు, తీర్మానం కింద మాత్రం సంతకాలు ఉన్నాయి, వాటిలో రెండు చనిపోయినవాళ్లవి. ఆ చెరువు ఎంత నీరు ఆపేదో, ఎన్ని బావుల్లో ఊట నిలిపేదో ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. నాకు మనుషుల మాట మీద నమ్మకం లేదు, అందుకే అంకెను పట్టుకుని వేలాడుతున్నాను. మీకు అంకె మీద నమ్మకం లేదు. మన తగాదా 74,500 గురించి కానే కాదు.

పాతరేంజర్:
దొంగ తీర్మానాలు ఏజెన్సీలో ఉండవని మాత్రం ఎవరూ అనుకోకండి.

గూడెంబిడ్డ:
ఉంటాయి, నేనూ చూశాను. అయినా మా భూమిలో ఎంతో కొంత ఇవాళ్టికీ మా చేతిలో మిగిలిందంటే, అక్కడ వెల ఎక్కువ పలికినందుకు కాదు, బజారుకే రాకుండా ఆపినందుకు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి చెల్లదు, ఎంత ఇచ్చినా చెల్లదు. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అదే మాటను ప్రభుత్వానికీ వర్తింపజేసి, ప్రైవేటు గనులకు లీజు ఇవ్వకూడదంది. బినామీలు దూరారు, నిజమే. వాళ్లు దొంగతనంగా దూరాల్సి వచ్చింది. మీ పద్ధతిలో రసీదు చేత్తో పట్టుకుని ముందు గుమ్మంలోంచి వస్తారు. ఒక మాట అడుగుతాను. మీ చెరువుకు ఎకరానికి ఇంత అని ఫైలులో రాసి ఉండి, లేఅవుట్ వేసినవాడు ఆ మొత్తం పైసాతో సహా కట్టేసి ఉంటే, మీరు ఊరుకునేవారా?

లెక్కలమాస్టారు:
ఊరుకునేవాణ్ని కాదు, కోర్టుకు వెళ్లేవాణ్ని. కానీ మీ ఏజెన్సీకి 1/70 ఉంది, మా మైదానంలో చెరువుకు అలాంటి కంచె ఏదీ గట్టిగా నిలబడలేదు. నిరుడు వానకు మా వీధి ఇళ్లలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఆ నీటిని ఒకప్పుడు చెరువు ఆపేదని, దానికి ఇంత విలువ ఉండేదని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. వద్దనే హక్కు మీకు ఉండాలి, ఒప్పుకుంటున్నాను. వద్దన్నా వినకుండా పూడ్చేశాక నష్టం ఎంతని కోర్టు అడిగితే, అక్కడ మీరు ఏ అంకె చెబుతారో అది కూడా ఇక్కడ రాయండి.