తన జట్టు కథను తానే తీస్తే చరిత్ర అనొచ్చా?

పాతరీలు:
2001లో వచ్చిన 'డాగ్‌టౌన్ అండ్ జీ-బాయ్స్' డాక్యుమెంటరీనే స్కేట్‌బోర్డింగ్ చరిత్రగా చూడమంటున్నారు. నేను ఒప్పుకోను. డాగ్‌టౌన్ అంటే లాస్ ఏంజెలెస్ దగ్గరి సముద్రతీరపు పేట, జీ-బాయ్స్ అంటే అక్కడి జెఫర్ స్కేట్‌బోర్డింగ్ జట్టు. దర్శకుడు స్టేసీ పెరాల్టా ఆ జట్టు సభ్యుడే. ఆయనతో కలిసి రాసిన క్రెయిగ్ స్టెసిక్ ఆ జట్టును నడిపిన జెఫర్ సర్ఫ్‌బోర్డుల షాపు యజమానుల్లో ఒకరు. 1970ల్లో 'స్కేట్‌బోర్డర్' పత్రికలో ఈ కుర్రాళ్లను హీరోలను చేసిన వ్యాసాలూ ఆయనవే. డబ్బు పెట్టింది స్కేటర్లకు బూట్లమ్మే వ్యాన్స్ కంపెనీ. సాక్షి, రచయిత, దర్శకుడు అందరూ ఒక ఇంటివాళ్లే అయితే ఎదురు ప్రశ్న వేసేదెవరు?

నల్లరోడ్డు:
పాతరీలు గారూ, మరి ఇంకెవరు చెప్పగలరండీ? ఆ పేట తీరంలో మూతపడ్డ వినోద పార్కు పసిఫిక్ ఓషన్ పార్క్ శిథిలాల మధ్య సర్ఫింగ్ చేసుకునే పిల్లల కోసం చరిత్రకారులెవరూ రాలేదు. హవాయి సర్ఫర్ లారీ బెర్టిల్‌మన్‌ని చూసి, మోకాళ్లు బాగా వంచి, చేత్తో నేలను తాకుతూ మలుపు తిరగడం నేర్చుకున్నారు. 1975 డెల్ మార్ పోటీలో మిగతావాళ్లు నిటారుగా నిలబడి విన్యాసాలు చేస్తుంటే జెఫర్ జట్టు కుర్రాడు జే ఆడమ్స్ నేలకు అతుక్కుపోయినట్టు దూసుకొచ్చాడు. 1976-77 కరువులో కాలిఫోర్నియా ఇళ్లలో స్విమ్మింగ్ పూల్స్ ఖాళీ అయ్యాయి. వీళ్లు వాటి వంపు గోడలెక్కారు. అదే జట్టులోని టోనీ ఆల్వా అంచు దాటి గాల్లోకి లేచి మళ్లీ పూల్‌లోకే దిగేవాడు. ఈనాటి వర్ట్ స్కేటింగ్‌కి, అంటే నిలువు గోడలమీద చేసే స్కేటింగ్‌కి, పునాది అదే.

చిత్రప్రియ:
పూల్స్ సంగతి నిజమే. కానీ ఆ గోడలెక్కించింది యురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చక్రం. పాత మట్టి చక్రాలు చిన్న రాయి తగిలినా ఆగిపోయి మనిషిని పడేసేవి. ఫ్రాంక్ నాస్‌వర్తీ 1970ల మొదట్లో యురేథేన్ చక్రాలు తెచ్చాకే నేలమీద పట్టు దొరికింది. ఇవాళ ప్రతి పిల్లాడూ నేర్చుకోవాలనుకునే ఆలీ, అంటే చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా ఎగరడం, ఫ్లోరిడాలో ఆలన్ గెల్ఫాండ్ మొదలుపెట్టింది. దాన్ని చదును నేలమీదికి తెచ్చిన రాడ్నీ మలెన్‌దీ ఫ్లోరిడానే. వీళ్లందరికన్నా ముందు, 1965లోనే, బోర్డు మీద తలకిందులుగా నిలబడిన ప్యాటీ మెగీ ఫొటో 'లైఫ్' ముఖచిత్రమైంది.

పాతరీలు:
నా బాధా అదే. ఒక పేట కథ అంత బాగా తీస్తే చూసినవాళ్లకి మిగతావాళ్లు కనబడరు.

నల్లరోడ్డు:
ఆ తప్పు చూసినవాళ్లది. పెరాల్టా సినిమాకు తన పేట పేరు, జట్టు పేరే పెట్టాడు, మొత్తం చరిత్ర అనలేదు. ఫ్లోరిడా కథ ఫ్లోరిడావాళ్లు తీయాలి, నేనే ముందు చూస్తాను. జే ఆడమ్స్ 2014లో పోయాడు. పెరాల్టా అప్పుడే కెమెరా పెట్టాడు కాబట్టి ఆ రోజుల గురించి అతని నోటే వినగలుగుతున్నాం.